చార్జరు పిన్ను చరిత్ర

మన సభ్యులలో ఎవరింటికి వెళ్లి బీరువా అడుగు సొరుగు లాగి చూసినా పాత సెల్‌ఫోను చార్జర్లు నాలుగైదు తప్పక దొరుకుతాయి. ఆ ఫోన్లు ఏనాడో పాడైపోయి ఉంటాయి, లేదా ఎవరికో ఇచ్చేసి ఉంటాము. చార్జర్లను మాత్రం ఎప్పటికైనా పనికొస్తాయేమోనని దాచి ఉంచుతాము. పనికి రావు. ఒకదాని పిన్ను మరొకదానికి పట్టదు గనుక. ఈ చిన్న ఇబ్బంది వెనుక నలభై ఏళ్ల చరిత్ర ఉన్నది. అందులో పెద్ద పెద్ద కంపెనీలున్నాయి, ప్రభుత్వాలున్నాయి, సంతకాలు చేసిన ఒప్పందాలున్నాయి, ఆ ఒప్పందాలలో జారిపోవడానికి వదిలిన సందులున్నాయి. ఫైళ్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మనబోటివారికి ఇందులో చాలా సంగతులు పరిచయమైనవిగానే తోస్తాయి.

ముందుగా ఒక మాట. వస్తువు ఎవరు చేసినా కొలత ఒకటే ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. మన ఇళ్లలో చాలాకాలం వాడిన రెండు పిన్నుల బల్బు సంగతే చూడండి. ఇంగ్లండులో ఆ పద్ధతి స్థిరపడింది, అక్కడినుంచి మనకు వచ్చింది. అమెరికావారిది ఎడిసన్ నాటి మర తిప్పే బల్బు. దేశానికొక పద్ధతి అయితే అయింది గాని, మన హోల్డరులో ఏ కంపెనీ బల్బు పెట్టినా వెలిగేది. టార్చిలైటు సెల్లు కూడా అంతే. ఒక కంపెనీ టార్చిలో మరొక కంపెనీ సెల్లు వేస్తే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కొలత కుదరకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన సికింద్రాబాదు స్టేషనే చాలు. వాడి నుంచి 1874లో వచ్చిన నిజాం రైలు మార్గం బ్రాడ్‌గేజి, అంటే పట్టాల మధ్య 5 అడుగుల 6 అంగుళాలు. 1900 ప్రాంతంలో మన్మాడు వైపు వేసిన గోదావరీ లోయ మార్గం మీటరుగేజి. ఒక్క ఊళ్లోనే రెండు కొలతలు. ఒక మార్గంలో వచ్చిన సరుకు రెండో మార్గంలో పోవాలంటే దించి మళ్లీ ఎక్కించవలసిందే. దేశమంతటా ఒకే గేజి చేయాలన్న పథకం రైల్వేవారు 1992లో మొదలుపెట్టారు. ఒకసారి రెండు కొలతలు పాతుకుపోయాక వాటిని ఒకటి చేయడానికి ఎంతకాలం పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చును.

ఇక ఫోన్ల సంగతి. చేత్తో పట్టుకొని తిరిగే ఫోనును మొట్టమొదట బజారులోకి తెచ్చినది అమెరికాకు చెందిన మోటరోలా కంపెనీ. 1983లో వచ్చిన ఆ డైనాటాక్ ఫోను ధర 3,995 డాలర్లు. పది గంటలు చార్జింగు పెడితే అరగంట మాట్లాడవచ్చు. అటువంటి వస్తువు కొనగలిగినవారు ఏ కొద్దిమందో గనుక దాని చార్జరు మరొక ఫోనుకు పట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బ్యాటరీలు కూడా ఒక రకం కావు. నికెల్ కాడ్మియం కొన్ని, నికెల్ మెటల్ హైడ్రైడ్ కొన్ని, తరువాత లిథియం అయాన్. ఒక్కొక్కదానికి వోల్టేజి వేరు, చార్జింగు పద్ధతి వేరు. కనుక తొలినాళ్లలో కంపెనీకొక పిన్ను ఉండటానికి కొంత న్యాయమైన కారణం ఉన్నదనే చెప్పాలి. దీన్ని పూర్తిగా కుట్ర అనటం సరికాదు.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తాలో ఉన్న పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసుగారు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రాంగారితో మాట్లాడారు. అప్పట్లో వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టవలసి ఉండేది. 2003 తరువాత ఇన్‌కమింగు ఉచితమై, ఫోన్ల ధరలు దిగి, మనబోటి గుమాస్తాల ఇళ్లకు కూడా సెల్‌ఫోను వచ్చింది. ఆ ఏడాదే నోకియావారి 1100 ఫోను విడుదలయింది. నెత్తిన చిన్న టార్చి ఉన్న ఫోను, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

ఆ రోజుల్లో చార్జర్లు ఎన్ని రకాలో! నోకియా ఫోనుది గుండ్రని పిన్ను. అది ఒక కంపెనీ సొంత పిన్నే అయినా, ప్రతి మూడో ఇంట్లో ఆ ఫోనే ఉండేది గనుక అదే అందరి పిన్ను అన్నంత పని చేసింది. 2005 ప్రాంతంలో వారే దాన్ని మార్చి 3.5 మిల్లీమీటర్ల లావు పిన్ను బదులు 2 మిల్లీమీటర్ల సన్న పిన్ను తెచ్చారు. ఇంటిలో పెద్దాయన ఫోనుకు లావు పిన్ను, కొడుకు ఫోనుకు సన్న పిన్ను. రెంటికీ నడుమ తగిలించే చిన్న ముక్క ఒకటి అమ్మేవారు. అది పోవడానికే పుట్టినట్లుండేది. సోనీ ఎరిక్సన్‌వారిది బల్లపరుపుగా ఉండే మరొక రకం. శామ్‌సంగ్‌వారిలోనే మోడలును బట్టి రకాలు మారేవి. మోటరోలా కొన్ని ఫోన్లకు కంప్యూటరుకు పెట్టే చిన్న యూఎస్‌బీ పిన్నునే వాడింది. కోఠిలో గుజరాతీ గల్లీ, అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్టు ఈ పిన్నుల వ్యాపారంతో కళకళలాడాయి. ఒకే వైరుకు కొసన ఏడెనిమిది రకాల పిన్నులు గుత్తిగా వేలాడే సామాను ఒకటి అక్కడ దొరికేది. బ్యాటరీని ఊడదీసి క్లిప్పులో బిగించి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే చార్జరు మరొకటి. పెద్ద పెద్ద కంపెనీలు కుదుర్చుకోలేని విషయాన్ని ఫుట్‌పాత్ మీది దుకాణాలవారు ముందే తీర్చారన్నమాట.

ఇది కేవలం విసుగుతో పోయే సంగతి కాదు. 2008లో మా బావమరిదికి ఆపరేషను జరిగినప్పుడు రాత్రి ఆస్పత్రిలో నేను ఉన్నాను. తెల్లవారేసరికి రక్తం ఇస్తామన్నవారి నంబర్లన్నీ ఆయన ఫోనులోనే ఉన్నాయి. కాగితం మీద రాసుకునే అలవాటు అప్పటికే పోయింది. పదకొండు గంటలకు ఆ ఫోను ఆరిపోయింది. వార్డులో తొమ్మిది మంచాలు, తొమ్మిది మంచాల దగ్గరా ఫోన్లూ చార్జర్లూ ఉన్నాయి. ఒక్కటీ పట్టలేదు. బయట ఎస్టీడీ బూతు తెరిచే ఉన్నది, చేయడానికి నంబరు లేదు. చివరకు గేటు దగ్గర టీ కొట్టు అబ్బాయి దగ్గర ఇందాక చెప్పిన క్లిప్పు చార్జరు ఉంటే, బ్యాటరీ తీసి అందులో పెట్టి ఒంటిగంటకు ఒక దాతను లేపాము. కరెంటు ఉన్నది, ఫోను ఉన్నది, పక్కవాడికి ఇవ్వాలన్న మనసు ఉన్నది, పిన్ను లేదు. అప్పటినుంచి ఈ సంగతి మీద పత్రికల్లో ఏది కనిపించినా చదువుతూ వచ్చాను.

పరిష్కారం కంప్యూటర్లవైపు నుంచి వచ్చింది. 1990ల మధ్యలో కంప్యూటరుకు ప్రింటరుకొక సాకెట్టు, కీబోర్డుకొక సాకెట్టు, మౌసుకొక సాకెట్టు ఉండేవి. ఇంటెల్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న అజయ్ భట్ అనే భారతీయుడు, బరోడా విశ్వవిద్యాలయంలో చదివినవాడు, అన్నిటికీ ఒకే సాకెట్టు ఎందుకు ఉండకూడదని పట్టుపట్టాడు. ఇంట్లో భార్యాబిడ్డలు ప్రింటరుతో పడిన అవస్థ చూసి ఆ ఆలోచన వచ్చిందని ఆయనే తరువాత చెప్పాడు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్ మొదలైన ఏడు కంపెనీలు కలిసి 1996 జనవరిలో యూఎస్‌బీ మొదటి ప్రమాణాన్ని ప్రకటించాయి. ఇంటెల్ తన హక్కులకు రుసుము అడగలేదు. పోటీలో ఉన్న మిగతా పద్ధతులకంటే ఇది ముందుకు పోవడానికి అదొక ముఖ్యకారణమని నా నమ్మకం. ఆ తీగలో సమాచారంతోపాటు 5 వోల్టుల కరెంటు కూడా వస్తుంది. చేతి పరికరాన్ని చార్జి చేయడానికి ఆ కరెంటు సరిపోతుందని తేలడంతో కథ మలుపు తిరిగింది.

అయితే ఆ ప్లగ్గును ఒక వైపే పెట్టాలి. ప్రతిసారీ మొదట తిరగేసి పెట్టటం, పట్టకపోతే తిప్పటం, మళ్లీ తిప్పటం అందరికీ అనుభవమే. రెండువైపులా పట్టేటట్లు చేస్తే తీగలూ సర్క్యూట్లూ రెట్టింపై ఖర్చు రెట్టింపు అయ్యేదని, అందుకే మానుకున్నామని అజయ్ భట్ చెప్పాడు. చౌకగా లేకపోతే ఎవరూ వాడరన్నది ఆయన లెక్క. ఆ లెక్క నిజమే అయింది.

ఫోన్లకు తగినట్లు సన్నగా ఉండే మైక్రో యూఎస్‌బీని 2007 జనవరిలో ప్రకటించారు. ఇందులో మెచ్చుకోదగ్గ విషయం ఒకటున్నది. పిన్ను పట్టు బిగువుగా ఉండటానికి లోపల చిన్న స్ప్రింగు రేకులు ఉంటాయి. అవే ముందుగా అరిగేవి. పాత రకంలో అవి ఫోనువైపు సాకెట్టులో ఉండేవి. మైక్రోలో వాటిని వైరువైపుకు మార్చారు. అరిగితే యాభై రూపాయల వైరు పోతుంది గాని వేలు పోసి కొన్న ఫోను పోదు. పదివేలసార్లు పెట్టి తీసినా తట్టుకోవాలని నియమం. రోజుకు మూడుసార్లు వేసుకున్నా తొమ్మిదేళ్లు. ఎవరో మన డబ్బు గురించి ఆలోచించి చేసిన ఏర్పాటు అది. పగలు కళ్లద్దాలతో కూడా ఏది పైవైపో కనబడని ప్లగ్గు అది, రాత్రివేళ చెప్పనే అక్కరలేదు. బలవంతంగా నెట్టి సాకెట్టు విరిచినవారూ ఉన్నారు.

ప్రభుత్వాలలో మొదట కదిలింది చైనా. అక్కడి సమాచార పరిశ్రమల శాఖ 2006 డిసెంబరులో ఒక ప్రమాణం జారీ చేసి, 2007 నుంచి ఫోను చార్జరువైపు యూఎస్‌బీ సాకెట్టే ఉండాలన్నది. ఫోనువైపు ఏ పిన్నైనా ఉండనీ, గోడకు పెట్టే డబ్బా మాత్రం అందరిదీ ఒకటి. ఇప్పుడు మనం డబ్బా వేరు, వైరు వేరుగా చూస్తున్నామే, ఆ విభజన ఇక్కడే మొదలైందనుకోవచ్చు. డబ్బాలో ఉండేది ఖరీదైన భాగం, అదే చెత్తలో ఎక్కువ బరువు. వారు సరైనచోటే చేయి పెట్టారు.

తరువాత యూరపు. ఇక్కడినుంచి కథ ఫైళ్లు చూసినవారికి బాగా రుచిస్తుంది. 2009లో యూరోపియన్ కమిషన్ లెక్క ప్రకారం అక్కడ వాడకంలో ఉన్న చార్జర్లు 30 రకాలకు పైమాటే. చట్టం చేస్తామని కమిషన్ హెచ్చరించింది. చట్టం దాకా ఎందుకు, మేమే కుదుర్చుకుంటామని కంపెనీలు ముందుకు వచ్చాయి. ఆ ఏడాది జూన్‌లో నోకియా, శామ్‌సంగ్, ఆపిల్, మోటరోలాలతో సహా పది కంపెనీలు అవగాహన పత్రం మీద సంతకం చేశాయి. తరువాత సంఖ్య పద్నాలుగుకు పెరిగింది. సమాచారం ఇచ్చిపుచ్చుకోగల ఫోన్లన్నింటికీ మైక్రో యూఎస్‌బీ చార్జరు పట్టాలన్నది దాని సారాంశం. అదే ఏడాది ఫిబ్రవరిలో బార్సిలోనాలో 17 సంస్థలు ఇటువంటి ప్రకటనే చేసి ఉన్నాయి. అక్టోబరులో ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ టెలికం సంస్థ కూడా దీన్ని ఆమోదించింది.

పత్రంలో ఒక మినహాయింపు ఉన్నది. ఫోనుకు వేరే సాకెట్టు ఉన్నా సరే, నడుమ తగిలించే అడాప్టరు ఒకటి దొరికేటట్లు చేస్తే ఒప్పందం పాటించినట్లే. మన సర్వీసు రూల్సులో చివరన వచ్చే "అయితే" అన్న మాట ఎంత పని చేస్తుందో మనకు తెలిసిందే గదా. ఆపిల్ కంపెనీ 2003లో తన ఐపాడ్ పాటల యంత్రానికి 30 పిన్నుల వెడల్పాటి సాకెట్టు పెట్టి, 2007లో వచ్చిన ఐఫోనుకూ అదే కొనసాగించింది. 2012 సెప్టెంబరులో దాన్ని మార్చినప్పుడు మైక్రో యూఎస్‌బీకి రాలేదు. లైట్నింగ్ అనే తన సొంత పిన్ను తెచ్చింది. యూరపు ఒప్పందం కోసం అడాప్టరు విడిగా అమ్మింది. అక్షరాలా ఒప్పందం నెరవేరింది.

న్యాయంగా చెప్పాలంటే ఆ లైట్నింగ్ పిన్ను మంచి వస్తువు. ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, గట్టిగా ఉంటుంది. 2012నాటికి మైక్రో యూఎస్‌బీకంటే ఎన్నో రెట్లు మేలు. అభ్యంతరం దాని లోపల ఉన్న చిప్పుతో. వైరు ఆ కంపెనీ అనుమతి పొందినదో కాదో ఫోను ఆ చిప్పు ద్వారా గుర్తుపడుతుంది. అనుమతి కావాలంటే వైరు చేసేవాడు ఆ కంపెనీ పథకంలో చేరి వారి నియమాలకు ఒప్పుకోవాలి. అనుమతి లేని వైరు పెడితే ఫోను తెరమీద హెచ్చరిక వస్తుంది. నాసిరకం వైర్లనుంచి రక్షణ కోసమన్నది వారి వాదన. అందులో కొంత నిజమూ ఉన్నది. కాని రక్షణా రాబడీ ఒకే తలుపునుంచి వస్తున్నప్పుడు ఏది దేనికోసమో తేల్చడం ఆడిటరుకు కూడా కష్టం.

అదే సమయంలో మిగతా కంపెనీలు కలిసి రెండువైపులా పట్టే పిన్ను తయారుచేసే పనిలో పడ్డాయి. 2014 ఆగస్టులో వచ్చిన ఆ ప్రమాణమే ఇప్పుడు మనం టైప్-సి అంటున్నది. పైన 12, కింద 12, మొత్తం 24 స్పర్శలు. పైది కిందకు, కిందది పైకి వచ్చినా పని సాగేటట్లు అమర్చారు. అందులో రెండింటి పని కేవలం మాట్లాడుకోవడం. పెట్టగానే చార్జరు ఇచ్చేది 5 వోల్టులే. నీకెంత కావాలని చార్జరూ, నువ్వెంత ఇవ్వగలవని ఫోనూ తెలుసుకొని, కుదిరితేనే 9కో 15కో 20కో పోతాయి. కనుక ల్యాప్‌టాప్ చార్జరు ఫోనుకు పెడితే ఫోను కాలిపోతుందన్న భయం, మంచి సామాను అయినంతవరకు, అక్కరలేదు. ఈ పద్ధతిలో మొదట 100 వాట్ల వరకు, 2021 నుంచి 240 వాట్ల వరకు ఇచ్చే వీలు కల్పించారు.

యూరపు ఒప్పందం 2014తో ముగిసింది. రకాలు ముప్పైనుంచి మూడుకు తగ్గాయి, అక్కడే ఆగిపోయాయి. కమిషన్ మళ్లీ స్వచ్ఛంద ఒప్పందాల చుట్టూ ఆరేళ్లు తిరిగింది. చివరకు విసిగిన యూరోపియన్ పార్లమెంటు 2020 జనవరి 30న 582 ఓట్లతో, వ్యతిరేకంగా 40 మాత్రమే, ఇక చట్టమే కావాలని తీర్మానించింది. ఆపిల్ అభ్యంతరం చెప్పింది. లైట్నింగ్ సాకెట్టుతో తాము వంద కోట్లకు పైగా పరికరాలు అమ్మామని, ఇప్పుడు మారిస్తే ఆ వైర్లన్నీ చెత్త అవుతాయని, చట్టం చేస్తే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని వాదించింది. ఈ చివరి వాదనను తేలికగా కొట్టిపారేయరాదు. 2009లోనే మైక్రో యూఎస్‌బీని చట్టంలో రాసి ఉంటే టైప్-సి అంత త్వరగా వచ్చేదా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న. యూరపువారు ఆ జవాబు చట్టంలోనే ఇచ్చారు. మేలైన పిన్ను వస్తే పార్లమెంటుకు మళ్లీ కొత్త చట్టం తేకుండానే కమిషన్ ఆ పట్టికను సవరించవచ్చునని అధికారమిచ్చారు.

2021 సెప్టెంబరు 23న ముసాయిదా వచ్చింది. మాల్టా దేశపు సభ్యుడు అలెక్స్ అజియూస్ సాలిబా దాన్ని పార్లమెంటులో నడిపించాడు. 2022 అక్టోబరు 4న 602 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించినవారు 13 మందే. అక్కడి అంచనా ప్రకారం వాడని, పారేసిన చార్జర్ల చెత్త ఏటా 11,000 టన్నులు. ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు, చెవి ఫోన్లు మొదలైనవాటికి 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి టైప్-సి సాకెట్టు తప్పనిసరి. పాతికేళ్ల క్రితం ఎవరూ అడగని మరొక హక్కు కూడా ఇచ్చారు. చార్జరు లేకుండా ఫోను ఒక్కటే కొనుక్కోవచ్చు, పెట్టెమీద బొమ్మ ద్వారా ఆ సంగతి చెప్పాలి. చేతి గడియారాల వంటి మరీ చిన్న వస్తువులకు మినహాయింపు ఉన్నది. ఆపిల్ ప్రతినిధి చట్టం ఎలాగూ పాటిస్తామన్నాడు. గడువుకు ఏడాది ముందే, 2023 సెప్టెంబరులో, ఐఫోను 15 టైప్-సి సాకెట్టుతో వచ్చింది. యూరపుకొకటి, మిగతా లోకానికొకటి చేయడం దండగ గనుక మనకూ అదే దక్కింది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టు 17న తయారీదారులతో సమావేశమయింది. నవంబరులో జరిగిన సమావేశంలో ఫోన్లకు, టాబ్లెట్లకు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి మీద ఏకాభిప్రాయం కుదిరింది. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సి ప్రమాణాన్ని ప్రకటించింది. మన చర్చలో యూరపులో అంతగా లేని మాట ఒకటి వినిపించింది. బటన్ల ఫోను వాడే బీదవారి సంగతేమిటని. సాకెట్టు ఖరీదు కాస్త పెరిగినా చౌక ఫోను ధర పెరుగుతుంది. అందుచేత వాటికి వేరొక సాధారణ చార్జరు ఆలోచిద్దామన్నారు. మన పింఛనుదారులలో బటన్ల ఫోను వదలనివారు ఎందరో ఉన్నారు. ఇది వారికి సంబంధించిన విషయమే.

పిన్ను ఒకటైనంత మాత్రాన వైర్లన్నీ ఒకటి కావు. ఒక కంపెనీ తన ఫోనుకు తన డబ్బా, తన వైరు ఉంటేనే పూర్తి వేగమని చెబుతుంది. 2014లో ఓపోవారు వూక్ పేరుతో మొదలుపెట్టినది అటువంటిదే. వేగం మీ సొంతమైనా అందరి పద్ధతిలో కూడా చార్జి కావాలని యూరపు చట్టం షరతు పెట్టింది. మూడు ఆంపియర్లకు మించి కరెంటు తీసుకుపోయే టైప్-సి వైరులో చిన్న చిప్పు ఉండాలి. తాను ఎంత మోయగలదో అది చెబుతుంది. ఎవరి అనుమతీ అడగదు. సన్న రాగితో చేసిన వైరులో ఆ చిప్పు ఉండదు, పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. మన వీధి దుకాణంలో కొనేటప్పుడు ఎన్ని వాట్లదని అడిగి, పెట్టెమీద 60 అనో 240 అనో రాసి ఉన్నదేమో మనుమల చేత చదివించుకొని తీసుకోవాలి. నవంబరులో జీవన్ ప్రమాణ్ పత్రం ఫోనులో పంపుకునేవారు ముందు రోజు రాత్రే దాన్ని ఒకసారి తగిలించి చూసుకుంటే సరి.